కుర్చీలో పేషెంట్‌కి ఏమైనా అయితే... మీ క్లినిక్‌లో ఎవరు ఏం చేస్తారు?

కొత్తకుర్చీ
అందరికీ నమస్కారం. సొంత క్లినిక్ పెట్టుకుంటున్నాను. ఎక్స్‌రే, కంప్రెసర్, ఆటోక్లేవ్ అన్నీ కుదిరాయి, ఎమర్జెన్సీ కిట్ దగ్గర ఆగిపోయాను. డీలర్ ఇచ్చిన లిస్టు రెండు పేజీలుంది. అట్రోపిన్, అమియోడరాన్, సోడియం బైకార్బొనేట్, చివరికి లారింగోస్కోప్ (గొంతు లోపలికి చూసే పరికరం) కూడా. పరీక్షల కోసం ఇవన్నీ బట్టీ పట్టినవే. కానీ ఒక డెంటిస్టు, ఒక అసిస్టెంటు, రిసెప్షన్‌లో ఒకరు ఉండే చోట వీటిలో నిజంగా వాడగలిగేవి ఏవి? మీరు ఏం ఉంచుకున్నారు, ఏం తీసేశారు?

పాతఫోర్సెప్స్
లారింగోస్కోప్ వెనక్కి పంపేయండి. చేతికి అలవాటు లేని వస్తువు కిట్‌లో ఉంటే ఆ సమయంలో దాన్ని పట్టుకుని కూర్చోవడమే అవుతుంది.

నా డబ్బాలో ఉన్న మందులు: ఆక్సిజన్, అడ్రినలిన్ ఆంప్యూల్స్, నాలుక కింద కొట్టే నైట్రోగ్లిజరిన్ స్ప్రే, ఆస్పిరిన్, సాల్బుటమాల్ ఇన్‌హేలర్ (స్పేసర్‌తో సహా), గ్లూకోజ్, ఒక యాంటీహిస్టమిన్ ఇంజెక్షన్. వాటితోపాటు బీపీ మిషన్, పల్స్ ఆక్సిమీటర్, గ్లూకోమీటర్, పెద్దలకీ పిల్లలకీ సరిపోయే మాస్కులతో అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే మిషన్). అంతే.

అడ్రినలిన్ ఆంప్యూల్‌కి 1 ఎంఎల్ సిరంజి, సూది కలిపి టేప్ వేసి ఉంచండి. మందు ఒక డ్రాయర్లో, సిరంజి ఇంకో డ్రాయర్లో ఉంటే మందు లేనట్టే.

ఇక మందులకంటే ముందు చేతికి రావాల్సిన పని, కుర్చీ వాల్చడం. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా జరిగేది సొమ్మసిల్లడమే. సూది చూశాకో, సూది పడిన రెండు నిమిషాలకో ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, ఆవలిస్తారు, "ఏదోలా ఉంది డాక్టర్" అంటారు. ఆ మాట వినగానే పని ఆపి, నోట్లో ఉన్న దూది, ఇన్‌స్ట్రుమెంట్లు తీసేసి, కుర్చీ పూర్తిగా వాల్చి కాళ్ళు కొంచెం ఎత్తండి. 10-15 డిగ్రీలు చాలు. తలను మరీ కిందికి దింపితే పొట్టలోని అవయవాలు డయాఫ్రమ్ మీద పడి ఊపిరికి ఇబ్బంది. చాలామంది నిమిషంలోపే తేరుకుంటారు. తేరుకున్నారు కదా అని వెంటనే లేపి కూర్చోబెట్టొద్దు, మళ్ళీ పడిపోతారు.

గర్భిణి అయితే వెల్లకిలా వద్దు. నెలలు నిండుతున్న గర్భసంచి పెద్ద సిరను నొక్కేసి బీపీ ఇంకా పడిపోతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

ఈఆర్_నైట్‌డ్యూటీ
నేను డెంటిస్టుని కాదు, ఎమర్జెన్సీ విభాగంలో పని చేస్తాను. డెంటల్ క్లినిక్‌ల నుంచి మా దగ్గరికి వచ్చే పేషెంట్లను చూస్తుంటాను కాబట్టి పై పోస్టుకి కొంచెం కలుపుతున్నాను.

"భయపడ్డాడులే" అనే మాట దగ్గర జాగ్రత్త. సొమ్మసిల్లడం సాధారణంగా కూర్చున్నప్పుడో నిలబడినప్పుడో వస్తుంది. అప్పటికే పూర్తిగా పడుకుని ఉన్న మనిషి, అందులోనూ వయసు మళ్ళిన మనిషి, ఏ కారణం లేకుండా స్పృహ తప్పితే గుండె లయ గురించి ఆలోచించండి. కుర్చీ వాల్చి, కాళ్ళెత్తి రెండు మూడు నిమిషాలైనా కళ్ళు తెరవకపోతే అది మామూలు సొమ్మసిల్లడం కాదు. షుగర్ చూడండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

ఇంకో చిక్కు: సొమ్మసిల్లినప్పుడు చేతులూ కాళ్ళూ ఒకటి రెండుసార్లు కొట్టుకోవచ్చు. ఫిట్స్ అని కంగారు పడతారు. దానికి ఎదురు చిక్కు, గుండె ఆగినవాళ్ళు మొదటి నిమిషాల్లో చేప నోరు తెరిచినట్టు అప్పుడప్పుడు గాలి పీలుస్తారు. అది ఊపిరి కాదు. స్పృహ లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే నాడి కోసం మణికట్టు పట్టుకుని వెతుకుతూ ఉండకండి, సీపీఆర్ మొదలుపెట్టండి.

రూట్‌కెనాల్‌గది
కిట్ విషయంలో నాది వేరే అభిప్రాయం. అడ్రినలిన్ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ అలర్జీ రియాక్షన్ రాగానే అడ్రినలిన్ పొడిచేయడం ఏమిటి? ముందు యాంటీహిస్టమిన్, హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఇచ్చి, తగ్గకపోతే అప్పుడు అడ్రినలిన్. పేషెంట్ వయసు అరవై దాటిందనుకోండి, బీపీ, గుండె సంగతి మనకు పూర్తిగా తెలియదు. ఆ మందు వల్లే ఏమైనా అయితే?

ఈఆర్_నైట్‌డ్యూటీ
సార్, ఈ వరస తిరగేయాలి. అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన అలర్జీ) అని అనిపిస్తే మొదటి మందు అడ్రినలిన్. యాంటీహిస్టమిన్ దద్దుర్లను, దురదను తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోయిన బీపీని లేపదు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టేసరికి గంటలు పడుతుంది. ఆ రెండూ ఇచ్చి ఎదురుచూసే సమయమే ప్రాణం మీదికి తెస్తుంది.

డోసు: పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు, అంటే ఎంఎల్‌కి 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్లో సగం. తొడ బయటి వైపు, మధ్యలో, కండలోకి. ప్యాంటు విప్పే పనిలేదు, బట్ట మీదుగానే ఇవ్వొచ్చు. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్ళీ. పిల్లలకు కిలోకి 0.01 మిల్లీగ్రాము. గుండె జబ్బు ఉన్నా ప్రాణాపాయంలో దీన్ని ఆపాల్సిన కారణం లేదు. భయపడాల్సింది సిరలోకి ఇవ్వడం గురించి. అది మీ క్లినిక్‌లో చేయొద్దు.

పేషెంట్‌ని పడుకోబెట్టే ఉంచండి. ఆయాసంగా ఉంటే వీపు ఎత్తి కూర్చోబెట్టొచ్చు, కానీ లేచి నిలబడనివ్వొద్దు, బాత్రూమ్‌కి నడిపించొద్దు. బీపీ బాగా పడిపోయి ఉన్నప్పుడు ఒక్కసారిగా లేవడంతో గుండె ఆగిన సందర్భాలు ఉన్నాయి. తగ్గిపోయినా ఆసుపత్రికి పంపాల్సిందే. కొందరిలో కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది.

రూట్‌కెనాల్‌గది
ఒంటి మీద దద్దుర్లు మాత్రమే ఉండి, ఊపిరి, బీపీ బాగుంటే?

ఈఆర్_నైట్‌డ్యూటీ
అప్పుడు మీ యాంటీహిస్టమిన్ సరిపోతుంది. కానీ పేషెంట్ ఎదురుగా ఉండాలి, అడ్రినలిన్ సిరంజి చేతికి అందేలా ఉండాలి. గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, నాలుక వాపు, వాంతి, కళ్ళు తిరగడం... వీటిలో ఏది మొదలైనా ఇక ఆలోచించొద్దు.

కొత్తకుర్చీ
ఒక సిల్లీ డౌట్. లోకల్ ఎనస్తీషియాలో ఎలాగూ అడ్రినలిన్ ఉంటుంది కదా, ఆంప్యూల్ దొరక్కపోతే దాన్నే ఇవ్వొచ్చా?

పాతఫోర్సెప్స్
లెక్క చూడండి. అందులో అడ్రినలిన్ 1:1,00,000 అంటే ఎంఎల్‌కి 10 మైక్రోగ్రాములు. 1.8 ఎంఎల్ కార్ట్రిడ్జ్‌లో 18. అనఫిలాక్సిస్‌కి కావాల్సింది 500. అంటే దాదాపు 28 కార్ట్రిడ్జ్‌లు, దాంతోపాటు పేషెంట్ ఒంట్లోకి గ్రాము లిగ్నోకైన్ (అందులోని మొద్దుబార్చే మందు). పనికిరాదు.

ఇదే లెక్క ఇంకో వైపు పనికొస్తుంది. బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే సూది) ఇచ్చిన వెంటనే "గుండె దడదడలాడుతోంది, చేతులు వణుకుతున్నాయి" అనేవాళ్ళను అలర్జీ అని రాసేస్తుంటారు. చాలావరకు అది రక్తనాళంలోకి పడిన అడ్రినలిన్ లేదా టెన్షన్. ఆస్పిరేట్ చేసి (సిరంజి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసి), నెమ్మదిగా ఇస్తే సగం "అలర్జీలు" మాయమవుతాయి. లిగ్నోకైన్‌కి అసలైన అలర్జీ చాలా అరుదు. అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి: పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్స్, లేటెక్స్ గ్లవ్స్, నొప్పి మాత్రలు. మనం నీళ్ళలా వాడే క్లోర్‌హెక్సిడిన్‌కి కూడా తీవ్రమైన రియాక్షన్లు నమోదయ్యాయి. ఆ సంగతి మనవాళ్ళలో చాలామందికి పట్టదు.

చైర్‌సైడ్
నేను అసిస్టెంట్‌ని. మందుల గురించి డాక్టర్లు చెప్తున్నారు, నేను మిగతాది చెప్తాను.

మా దగ్గర ఎవరి పని ఏమిటో ముందే రాసి గోడకు అంటించాం. డాక్టర్ పేషెంట్ తల దగ్గర్నుంచి కదలరు. నేను కిట్, ఆక్సిజన్ తెస్తాను. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా గేటు దగ్గర ఒకరు నిలబడేలా చూస్తుంది. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. పేరు పెట్టి పిలిచి చెప్పాలి, చేసినవాళ్ళు "చేశాను" అని తిరిగి చెప్పాలి.

ఫోన్‌లో ఏం చెప్పాలో కూడా రాసిపెట్టండి: అడ్రస్, ఏ అంతస్తు, గుర్తు, పేషెంట్ వయసు, స్పృహ ఉందా, ఊపిరి ఉందా. అవతలి వాళ్ళు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకూడదు.

ఆక్సిజన్ సిలిండర్ తాళం గురించి ఎవరూ మాట్లాడలేదు. వాల్వ్ తిప్పే ఆ చిన్న కీ సిలిండర్‌కే గొలుసుతో కట్టి ఉండాలి. డాక్టర్లకు చాలామందికి ఆ సిలిండర్ తెరవడం రాదు, తప్పుగా అనుకోవద్దు. వారం వారం ప్రెషర్ చూడండి. చిన్న ఈ-సైజు సిలిండర్ నిండుగా ఉంటే నిమిషానికి 10 లీటర్ల చొప్పున సుమారు గంట వస్తుంది. సగం ఉంటే ఎంతసేపో మీరే లెక్కేసుకోండి.

ఏ టైమ్‌కి ఏం ఇచ్చారో పేషెంట్ బిబ్ మీదే మార్కర్‌తో రాస్తాను. కాగితం వెతుక్కునే పని ఉండదు, ఆసుపత్రికి కూడా దాన్నే పంపొచ్చు.

పాతఫోర్సెప్స్
సిలిండర్ మాట నిజం. ఇక్కడ చాలామంది డాక్టర్లు ఈ పోస్టు చదివి లేచి వెళ్ళి చూసుకుని ఉంటారు.

పిల్లలపళ్ళు
చిన్నపిల్లలతో పని చేసేవాళ్ళు కిట్ గురించి కాకుండా వేయింగ్ మెషిన్ గురించి ఆలోచించండి. పిల్లల్లో పెద్ద ప్రమాదం మనమే ఇచ్చే లోకల్ ఎనస్తీషియా. 2 శాతం లిగ్నోకైన్ 1.8 ఎంఎల్ కార్ట్రిడ్జ్‌లో 36 మిల్లీగ్రాములు. కిలోకి 4.4 మిల్లీగ్రాములు పరిమితి అనుకుంటే 15 కిలోల పిల్లకు 66, అంటే రెండు కార్ట్రిడ్జ్‌లు కూడా పూర్తిగా పట్టవు. రెండు వైపులా పళ్ళు ఒకేరోజు చేసేద్దామని తల్లిదండ్రులు అడుగుతారు, మనం సరేనంటాం, నాలుగు చోట్ల ఇస్తాం. డోసు దాటితే పెద్దవాళ్ళయితే "నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి" అని చెప్తారు. పిల్లలు చెప్పరు. మత్తుగా పడుకున్నట్టు కనిపించి నేరుగా ఫిట్స్‌లోకి వెళ్తారు.

ఫిట్స్ వస్తే నోట్లోవన్నీ తీసేయడం మీ పని, కొత్తగా ఏదీ పెట్టకపోవడం కూడా మీ పనే. కుర్చీ కిందికి దించి, ట్రే పక్కకు నెట్టి, పక్కకు తిప్పండి. టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటితే దానంతటదే ఆగుతుందని కూర్చోవద్దు. చెంప లోపల వేసే మిడజోలామ్ ఉంటే అప్పుడు వాడాలి, అంబులెన్స్ అప్పటికే బయల్దేరి ఉండాలి.

స్టీల్ క్రౌన్ (పంటి తొడుగు) జారి గొంతులోకి వెళ్ళడం ఇంకొకటి. పిల్ల దగ్గుతుంటే దగ్గనివ్వండి, వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. దగ్గలేక, ఏడుపు కూడా బయటికి రాక నీలంగా మారుతుంటే వీపు మీద 5 దెబ్బలు, పొట్ట మీద 5 నొక్కులు, మార్చి మార్చి. ఏడాది లోపు పాపలకు పొట్ట మీద కాదు, ఛాతీ మీద. ఏ లక్షణమూ లేదు, మింగేసి ఉంటుందిలే అని ఇంటికి పంపొద్దు. వస్తువు కనిపించకపోతే ఎక్స్‌రే తీయాల్సిందే. ఊపిరితిత్తిలోకి పోయినవి రోజుల తరబడి నోరు మెదపకుండా కూర్చుంటాయి.

మోడరేటర్
చర్చ బాగుంది. ఒక్క మనవి: పేషెంట్ల ఫోటోలు, గుర్తుపట్టగలిగే వివరాలు పెట్టొద్దు. పొద్దున ఒక పోస్టు తీసేయాల్సి వచ్చింది.

పాతఫోర్సెప్స్
సీపీఆర్ గురించి ఒక మాట. కుర్చీ మెత్తగా ఉంటుంది, ఊగుతుంది. గుండె ఆగితే పేషెంట్‌ని ముందు నేల మీదికి దించాలనేదే నేను నేర్చుకున్నది.

ఈఆర్_నైట్‌డ్యూటీ
90 కిలోల మనిషిని ఇద్దరు ఎలా దించుతారు? దించేలోపు ఎన్ని నిమిషాలు పోతాయి? యూరోపియన్ రిససిటేషన్ కౌన్సిల్ మార్గదర్శకాలు దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాయి: కుర్చీని పూర్తిగా సమాంతరంగా వాల్చి, వీపు భాగం కింద డాక్టర్ కూర్చునే స్టూల్ ఆనించి, అక్కడే మొదలుపెట్టండి. స్టూల్ పెడితే ఊగడం తగ్గుతుంది. తగినంత మంది వచ్చాక, గదిలో చోటుంటే అప్పుడు దించే సంగతి చూడొచ్చు.

నిమిషానికి 100-120 నొక్కులు, 5-6 సెంటీమీటర్ల లోతు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రావాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు. 2 నిమిషాలకోసారి చేతులు మారండి, అలసిపోయినవాళ్ళకు తాము అలసిపోయామని తెలియదు. ఏఈడీ రాగానే ఆన్ చేయండి, మిగతాది అదే చెప్తుంది.

పాతఫోర్సెప్స్
స్టూల్ ఎత్తు మా కుర్చీకి సరిపోదనుకున్నాను. ఇప్పుడే పెట్టి చూశాను, కుర్చీ కొంచెం పైకి లేపితే సరిగ్గా ఆనుతుంది. ఎవరి కుర్చీకి వాళ్ళు ముందే చూసుకోవాలి. సరే, ఒప్పుకుంటున్నాను.

రూట్‌కెనాల్‌గది
మెడికల్ ఎమర్జెన్సీల్లో పడి పంటి ఎమర్జెన్సీలు వదిలేశాం. మా పనిలో అందరూ భయపడేది హైపోక్లోరైట్ (పంటి వేరు లోపలి కెనాల్‌ని కడిగే ద్రవం) వేరు కొస దాటడం. ఎనస్తీషియా ఉన్నా పేషెంట్ ఒక్కసారిగా అరుస్తారు, నిమిషాల్లో చెంప ఉబ్బుతుంది, కెనాల్‌లోంచి రక్తం పైకి వస్తుంది. చూడ్డానికి అలర్జీలా ఉంటుంది, కానీ ఒక్క పక్కే, అదే పంటి చుట్టూ.

వెంటనే ఆపి, పల్చటి సక్షన్‌తో లోపల ఉన్నది లాగేసి, సెలైన్‌తో నిదానంగా కడగండి. రక్తం వస్తుంటే రానివ్వండి. నొప్పికి మందు, అవసరమైతే మళ్ళీ బ్లాక్. మొదటి రోజు బయటి నుంచి ఐస్, మర్నాటి నుంచి గోరువెచ్చటి కాపడం. అన్నిటికంటే ముఖ్యం, జరిగింది పేషెంట్‌కి ఉన్నదున్నట్టు చెప్పడం. రేపు అద్దంలో ముఖం నల్లగా కమిలి కనిపిస్తుంది, వారం రెండు వారాలు ఉండొచ్చు అని ముందే చెప్తే నమ్మకం నిలుస్తుంది. వాపు కన్ను వైపో, గొంతు వైపో పాకుతుంటే ఆసుపత్రికి. సైడ్ వెంట్ సూది (రంధ్రం పక్కన ఉండేది) వాడండి, సూది కెనాల్‌లో బిగుసుకోకూడదు, బొటనవేలితో కాకుండా చూపుడువేలితో నొక్కండి, ఒత్తిడి తగ్గుతుంది.

దవడసర్జన్
నాది ఒకటే విషయం, కానీ ఇదే ప్రాణాలు తీసేది. కింది దవడ పన్ను చీము నాలుక కింద, రెండు వైపులా, మెడ దాకా పాకితే అది లుడ్విగ్స్ ఏంజైనా. 1836లో ఒక జర్మన్ వైద్యుడు రాసిపెట్టిన జబ్బు, ఇప్పటికీ మనుషులను చంపుతోంది. నాలుక పైకి లేచిపోయి, నోరు తెరవలేక, ఉమ్మి మింగలేక కార్చుకుంటూ, గొంతులో ఏదో పెట్టుకున్నట్టు మాట్లాడుతూ, ముందుకు వంగి కూర్చుని వస్తారు. దవడ కింద నొక్కితే చెక్కలా గట్టిగా ఉంటుంది.

అలాంటి పేషెంట్‌ని ఎక్స్‌రే కోసమైనా కుర్చీలో పడుకోబెట్టకండి. వెల్లకిలా పడుకోగానే ఊపిరి ఆడకపోవచ్చు. యాంటీబయాటిక్ రాసిచ్చి రెండు రోజుల తర్వాత రమ్మనే కేసు కాదు. కూర్చోబెట్టే, తోడు మనిషితో, ముందే ఫోన్ చేసి, ఎయిర్‌వే చూడగలిగే ఆసుపత్రికి పంపండి.

చదువరి_పేషెంట్
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను డాక్టర్‌ని కాదు. మా నాన్నగారికి స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మందులు రెండు వాడుతున్నారు. ఒక పన్ను తీయించాలి. రక్తం ఆగదేమోనని మాత్రలు వారం ఆపేసి తీసుకెళ్దామా?

దవడసర్జన్
దయచేసి ఆపకండి. గుండె డాక్టర్ని అడక్కుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. పన్ను తీసిన చోట కారే రక్తాన్ని మేం ఆపగలం: గాజుగుడ్డ గట్టిగా అరగంట కొరికిపెట్టడం, కుట్టు, సాకెట్‌లో పెట్టే సెల్యులోజ్, ట్రానెక్సమిక్ యాసిడ్‌తో తడిపిన గుడ్డ. మూసుకుపోయిన స్టెంట్‌ని డెంటల్ కుర్చీలో ఎవరూ తెరవలేరు. అపాయింట్‌మెంట్ ఉదయం పూట తీసుకోండి, రక్తం కారినా పగలే చూసుకోవచ్చు. మందుల చీటీలన్నీ తీసుకెళ్ళండి.

చైర్‌సైడ్
షుగర్ ఉన్నవాళ్ళకు కూడా ఉదయమే మంచిది. "పంటి పని కదా" అని ఏమీ తినకుండా వస్తారు, ఇన్సులిన్ మాత్రం వేసుకునే వస్తారు. వెయిటింగ్ రూమ్‌లోనే చిరాకు పడుతూ, తిక్కగా మాట్లాడుతుంటే కోపిష్టి మనిషి అనుకోకండి, చెయ్యి పట్టుకుని చూడండి, చల్లగా చెమట పట్టి ఉంటుంది. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే 15-20 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి, 15 నిమిషాలకు మళ్ళీ చూడటం. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, అప్పుడు డాక్టర్ షుగర్ పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇస్తారు. గ్లూకోమీటర్ స్ట్రిప్స్‌కి కూడా ఎక్స్‌పైరీ ఉంటుంది.

కొత్తకుర్చీ
అందరికీ థాంక్స్. నైట్రోగ్లిజరిన్ గురించి ఒక ఇబ్బంది అడుగుతాను. ఛాతీ నొప్పి వస్తే ఇచ్చేముందు సిస్టోలిక్ (బీపీలో పై అంకె) 90 కంటే తక్కువ లేదని చూడాలి, అది సులువే. కానీ సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి వేసుకున్నారా అని కూడా అడగాలి. పక్కనే భార్య, కూతురు నిలబడి ఉంటే ఎవరు నిజం చెప్తారు?

ఈఆర్_నైట్‌డ్యూటీ
అడగకుండా మాత్రం ఇవ్వొద్దు. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు. ఆలోపు నైట్రోగ్లిజరిన్ పడితే బీపీ అడుగంటుతుంది. నిజం తెలియకపోతే నైట్రోగ్లిజరిన్ మానేసి, అలర్జీ లేకపోతే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించి, వీపు కొంచెం ఎత్తి కూర్చోబెట్టి, అంబులెన్స్ పిలవండి. ఆక్సిజన్ శాతం 90 కంటే తగ్గితేనే ఆక్సిజన్.

చైర్‌సైడ్
మా దగ్గర ఆ ప్రశ్న మెడికల్ హిస్టరీ ఫారంలోనే ఉంది, మగవాళ్ళందరికీ, టిక్ పెట్టే గడితో. నోటితో అడిగితే కాదన్నవాళ్ళు కాగితం మీద పెడతారు. అవసరం పడినప్పుడు మాత్రం ఇంట్లోవాళ్ళను "బయట ఈ ఫారం నింపండి" అని నేనే తీసుకెళ్తాను. ఆ అర నిమిషంలో డాక్టర్ గారు అడిగేస్తారు.

పాతఫోర్సెప్స్
ఆ ఫారం ఇక్కడ పెట్టగలరా అమ్మా? మాది పాతది, అందులో ఆ గడి లేదు.

చైర్‌సైడ్
సాయంత్రం పెడతాను సార్. మా డాక్టర్ గారిని ఒక మాట అడిగి.